భీమేష్ తల మీద ఆరు బస్తాల ఆకు

ఆ గురువారానికి అనిల వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు యూనిట్‌కు చేరాలి. రోటరీ ఎవాపరేటర్ అనే మిషన్ ఫ్లాస్కులో నిన్నటి నుంచి అంటుకుని ఉన్న ఆకుసారాన్ని గీకి సీసాలోకి ఎత్తాలి. సీసాకు చీటీ అంటించాలి. మూడు గంటలకు హైదరాబాద్ నుంచి వచ్చే తలనూనె కంపెనీ పురుషోత్తం గారి ముందు దాన్ని పెట్టి, తక్కువ మాట్లాడాలి. మధ్యలో ఒక చాయ్ తాగాలి. ఇందులో చేతకానిది ఒక్కటీ లేదని ఆమెకు గట్టి నమ్మకం.

యూనిట్ అంటే కామారెడ్డి చివర, ఎల్లారెడ్డి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. యజమాని దేవేందర్ పన్నెండేళ్లు మస్కట్‌లో ఏసీలు బిగించి వచ్చి, ఇక జన్మలో ఒకరి కింద పని చేయనని ఒట్టు పెట్టుకుని, తలనూనె కంపెనీలకు ఆకుల సారం తీసి అమ్మే పని మొదలుపెట్టాడు. అనిల అక్కడి కెమిస్టు. అంతకుముందు ఆమె హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీలో రెండేళ్లు రాత్రి షిఫ్టులు చేసి, పగలంటే ఏమిటో మరిచిపోయి ఊరికి తిరిగి వచ్చింది. ఈ మిషన్ కొనమని దేవేందర్‌ను పోరింది కూడా ఆమే. కొని ఏడాదైంది, చెప్పుకోదగ్గ ఆర్డరు ఒక్కటీ రాలేదు.

"ఈ పురుషోత్తం సారు గూడ ఒద్దంటే మిషన్ అమ్మేస్త మేడం. మేడ్చల్ పార్టీ అడుగుతున్నది" అని దేవేందర్ వారం కిందటే చెప్పేశాడు. మిషన్ పోతే కెమిస్టుతో పని లేదు. కెమిస్టుతో పని లేకపోతే మళ్లీ ఆ రాత్రి షిఫ్టులే. ఆ మాట తలుచుకుంటే చాలు, అనిలకు పట్టపగలే కళ్లు మండేవి.

మిషన్ చేసే పని చూడ్డానికి తమాషాగా ఉంటుంది. గుండ్రటి గాజు ఫ్లాస్కు ఒకటి ఏటవాలుగా, సగం వేడినీళ్లలో మునిగి, గిరగిరా తిరుగుతుంటుంది. అందులో స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టిన ఆకు రసం ఉంటుంది. తిరగడం వల్ల రసం ఫ్లాస్కు గోడలకు పలచగా పరుచుకుంటుంది. పక్కనున్న పంపు లోపలి గాలిని లాగేస్తుంది. గాలి బరువు తగ్గితే స్పిరిట్‌కు మరగడానికి పెద్ద వేడి అక్కర్లేదు, స్నానానికి కాచుకున్నంత వేడి చాలు. కాబట్టి ఆకు గుణం మాడిపోదు. లేచిన ఆవిరి పైనున్న చల్లటి గాజు చుట్టకు తగిలి మళ్లీ స్పిరిట్ అయి, బొట్టుబొట్టుగా కింది ఫ్లాస్కులోకి దిగుతుంది. ఆ చుట్టకు చల్లదనం కోసం కంపెనీవాళ్లు వేరే మిషన్ కొనమన్నారు. దేవేందర్ ఐసు గడ్డలు వేసిన టబ్బులో పాత కూలర్ మోటారు దించి ఆ ఖర్చు తప్పించాడు. చివరికి తిరిగే ఫ్లాస్కు అడుగున నల్లటి, ఆకుపచ్చటి జిగట మిగులుతుంది. అదే సారం. ఆరు బస్తాల గుంటగలగరాకు, నెల రోజుల పని, అంతా కలిపి ఒక టిఫిన్ డబ్బాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే గానీ, ఆ ఎలుక కోసమే తవ్వింది.

దీన్ని నడిపేది సిద్దిరాములు. యాభై ఐదేళ్లవాడు, మాట తక్కువ, పని మీద భక్తి ఎక్కువ. పిట్లం అవతల నిమ్మగడ్డి నూనె బట్టీలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. రోజూ పొద్దున మిషన్‌కు అగరుబత్తి చూపించేవాడు. స్పిరిట్ దగ్గర నిప్పేమిటని అనిల గుండెలు బాదుకున్నాక ఆ ఆచారాన్ని మానుకోలేక, మిషన్ పక్కన వెలిగించని అగరుబత్తి గుచ్చుతున్నాడు. ముందురోజు సాయంత్రం అనిల ఇంటికి వెళ్తూ, "కింద చుక్కలు ఆగంగనే బంద్ చేసి పో అన్నా. మిగిలిన పని పొద్దున నేను చూస్కుంట" అని చెప్పింది. ఎమ్మెస్సీ చదివిన ఆడపిల్ల పొద్దున్నే వచ్చి గిన్నెలు తోముకోవడమా అని సిద్దిరాములు మనసు ఒప్పలేదు.

గురువారం ఎనిమిదిన్నరకు అనిల లోపలికి వచ్చేసరికి తిరిగే ఫ్లాస్కు తళతళ మెరుస్తోంది. కింది ఫ్లాస్కుకు తెల్లటి కొత్త గుడ్డ వాసెన కట్టి, దానికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"అన్నా, ఇండ్ల ఉన్నది ఏది?" అంది అనిల, ఖాళీ ఫ్లాస్కు చూపిస్తూ.

"అడుగున గసియా మేడం? తీసేసిన. మస్తు పట్టుకున్నది, గీకి గీకి చేతులు వోయినయ్" అన్నాడు సిద్దిరాములు. "మాల్ మాత్రం బొట్టు పోనియ్యలే. సూడున్రి, ఎంత తేటగున్నదో."

అనిల అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. నిమ్మగడ్డి బట్టీలో కిందికి కారేదే బంగారం. బట్టీలో మిగిలిన గడ్డి ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చేస్తారు. ఇరవై ఏళ్లు అదే చేసిన మనిషికి ఈ మిషన్‌లో సంగతి తిరగబడిందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది తనేనని అనిలకు అప్పుడే తోచింది.

"ఆ గసి ఏడ పారబోసినవే?"

"నేనెందుకు పారబోస్త? రాజమణి అడిగితే డబ్బల వెట్టిచ్చిన. ఆకు వాసన మంచిగొస్తున్నది అన్నది."

రాజమణి యూనిట్‌లో ఊడ్చే మనిషి. ఉండేది ఎల్లారెడ్డిలో. ఆ రోజు సెలవు పెట్టింది. ఆమె తమ్ముడు భీమేష్‌కు సంబంధం కుదిరేలా ఉంది, పిల్ల తరఫువాళ్లు పదకొండు గంటలకు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. అనిల వెంటనే ఫోన్ చేసింది.

"రాజమణక్కా, ఆ డబ్బ ఉన్నదా?"

"ఉన్నది మేడం. గుంటగలగరాకు కదా, వాసనకే గుర్తువట్టిన. మా భీమేష్‌కు చెవుల కాడ జర నెరిసింది. ఒక చెంచ నూనెల కలిపి రాద్దామని చూస్తున్న."

"ఒద్దక్కా! అది ఉత్త ఆకు కాదు. ఆరు బస్తల ఆకు బలమంతా అండ్లనే ఉన్నది!"

"ఆరు బస్తలా?"

"ఆరు బస్తలు!"

"అయ్యో, నాకు ఎర్కనే లేదు మేడం. మంచిగ యాద్జేసి చెప్పిన్రు" అని రాజమణి ఫోన్ పెట్టేసింది.

అనిల హమ్మయ్య అనుకుంది. సమయానికి హెచ్చరించానని ఆమె అనుకుంటే, సమయానికి సలహా దొరికిందని రాజమణి అనుకుంది. ఆరు బస్తాల బలం చేతిలో పెట్టుకుని, తమ్ముడి పెళ్లి విషయంలో చెంచాతో సరిపెట్టే అక్క ఎల్లారెడ్డిలోనే కాదు, ఎక్కడా ఉండదు.

డబ్బా వెనక్కి తెచ్చుకుందామని అనిల, తప్పు దిద్దుకుందామని సిద్దిరాములు తొమ్మిది గంటల బస్సెక్కారు. సగం దారిలో దేవేందర్ ఫోన్ చేశాడు.

"మేడం, శాంపిల్ తయ్యారేనా?"

"శాంపిల్ ఎల్లారెడ్డిల ఉంది సార్. తేనీకే పోతున్న. ఒకాయన తలకు పెట్టుకుందామని తీస్కపోయిన్రు, నేను ఫోన్ చేసి..."

దేవేందర్‌కు వాక్యం సగం వినగానే వ్యాపారం తోచే అలవాటు. "మనుషుల మీద ట్రయల్ నడుపుతున్నరా! గింత పెద్ద సంగతి నాకు చెప్పొద్దా?" అని సంతోషంగా ఫోన్ పెట్టేశాడు. ఆ వెంటనే పురుషోత్తం గారికి ఫోన్ కలిపి, ఎల్లారెడ్డి ప్రాంతంలో తమ సారాన్ని తలలకు పెట్టి చూస్తున్నామనీ, ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయనీ చెప్పాడు. పురుషోత్తం గారు అప్పటికే బయల్దేరి భిక్నూర్ దగ్గర దాబాలో టిఫిన్ చేస్తున్నారు. మెదక్‌లో ఒక పని చూసుకుని మూడింటికి రావాలనుకున్న మనిషి, ఆ పని రేపటికి వాయిదా వేసుకున్నారు.

ఎల్లారెడ్డిలో రాజమణి ఇంటి వాకిట్లో భీమేష్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లవాడు, బస్టాండు వెనక మోటారు వైండింగ్ దుకాణం ఉంది, నెమ్మదస్తుడు. నెత్తి మీద నల్లటి ఆకుపచ్చ పూత రెండు వేళ్ల మందాన ఉంది. దాని మీద తువ్వాలు చుట్టి ఉంది. కుర్చీ పక్కన టిఫిన్ డబ్బా శుభ్రంగా తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"మొత్తం వెట్టినవా అక్కా?" అంది అనిల.

"మీరే చెప్పిన్రు గద మేడం" అంది రాజమణి కృతజ్ఞతగా. "అర్ధగంట అయింది. ఇగ కడుక్కోరా, ఆళ్లొచ్చే యాళ్లయింది."

భీమేష్ లేచి నల్లా దగ్గరికి పోయి, చెంబు ముంచి నెత్తి మీదికి ఎత్తాడు. ఆ చెంబెడు నీళ్లు కింద పడితే అనిల ఉద్యోగం మోరీలో కలిసిపోతుంది. అనిల పరుగెత్తి అతని చెయ్యి పట్టేసుకుంది.

"కడుక్కోకున్రి! మీ తల నాకు కావాలె. కామారెడ్డికి తీస్కపోత."

సరిగ్గా అప్పుడే పిల్ల తరఫువాళ్లు గేటు తీసుకుని లోపలికి వచ్చారు. ముందు పిల్ల మేనమామ ఉన్నాడు, మనిషి పొడుగు, మీసం దానికి తగ్గట్టు ఉంది. చెయ్యి పట్టుకున్న అనిలను, పట్టుబడిన భీమేష్‌ను మార్చి మార్చి చూశాడు.

"ఈమెవలు?"

"మా మేడం అన్నా" అంది రాజమణి, పరిస్థితి చక్కదిద్దుదామని. "మావాని కోసమే పొద్దుగాల బస్సుకు కామారెడ్డి నుంచి ఉరికొచ్చింది."

పరిస్థితి చక్కబడలేదు. అనిల చెయ్యి వదిలేసి, స్పిరిట్, ఆకు, సారం అంటూ మొత్తం చెప్పుకొచ్చింది. నిజం చెప్పేటప్పుడు మనిషి అంతగా తడబడకూడదు. మేనమామ ఓపిగ్గా విన్నాడు. ఆ సారం పోతే తన ఉద్యోగం పోతుందన్న చోట ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూశాడు. ఆ నీళ్లకు ఆయన వేరే అర్థం చెప్పుకున్నాడు.

"మా సుకన్యను ఇచ్చేముందు అన్ని చూస్కోవాలె గద. మీరు ఇల్లు చూస్కుంట కూసోన్రి, నేను పిల్లగాణ్ని చూస్కుంట పోతా" అని తనవాళ్లను లోపలికి పంపి, భీమేష్, అనిలల వెంట తనూ బయల్దేరాడు. తమ్ముణ్ని అలాంటి మీసం పక్కన ఒంటరిగా వదలలేక రాజమణీ చెప్పులు వేసుకుంది.

బస్సులో తువ్వాలు తలపాగాతో భీమేష్ కిటికీ పక్కన కూర్చుంటే, మేనమామ అతని పక్కన కూర్చున్నాడు. అనిల ముందు సీటు నుంచి ప్రతి గతుకుకూ వెనక్కి తిరిగి భీమేష్ తల వంక ఆదుర్దాగా చూసేది. అలా చూసిన ప్రతిసారీ మేనమామ మీసం ఒకసారి కదిలేది. కండక్టర్ టికెట్లు కొడుతూ, "తలకు దెబ్బ తాకిందా అన్నా?" అని అడిగాడు. "ఇంకా తాకలే" అన్నాడు మేనమామ.

పన్నెండున్నరకు యూనిట్ ముందు కారు ఆగి ఉంది. లోపల పురుషోత్తం గారు నోటు పుస్తకం తెరిచి కూర్చున్నారు. అరవై దగ్గర పడిన మనిషి, నున్నటి బట్టతల, తలనూనె కంపెనీలో ముప్పై ఏళ్ల సర్వీసు. తువ్వాలు చుట్టుకున్న భీమేష్‌ను చూడగానే దేవేందర్ ఎదురెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"సార్, ఈయన మా ట్రయల్‌ల ఒకడు. గిట్లాంటోళ్లు నలభై మంది ఉన్నరు."

"నలభై మందికీ రికార్డు ఉందా?" అన్నారు పురుషోత్తం గారు, కలం తీసి.

దేవేందర్ అనిల వైపు చూశాడు. ఊఁ అంటే ఆర్డరు రావచ్చు. ఉద్యోగం ఉంటుంది, పగలు పగలులా ఉంటుంది. అనిలకు ఊఁ అనాలనే ఉంది. నోరు మాత్రం వినలేదు.

"నలభై లేరు సార్. ఒక్కడే ఉన్నడు. అది గూడ మేం పెట్టలే, వాళ్లక్క పెట్టింది. మీకు చూపిద్దామనుకున్న శాంపిల్ మొత్తం ఆ తల మీదనే ఉన్నది" అని, సిద్దిరాములు పేరు ఎత్తకుండా, మిగిలిందంతా చెప్పేసింది. చెప్పి, గోడకు ఆనుకుని నిలబడింది. దేవేందర్ మేడ్చల్ పార్టీ నంబరు ఉన్న ఫోన్‌ను జేబులోంచి బయటికి తీశాడు.

పురుషోత్తం గారు నోటు పుస్తకం మూయలేదు. లేచి భీమేష్ చుట్టూ ఒకసారి తిరిగారు.

"దీన్ని వెనక్కి తీయగలరా?"

"స్పిరిట్‌తో కడిగి, వడకట్టి, మిషన్‌కు ఎక్కిస్తే వస్తది సార్. కానీ తల మీదికెళ్లి తీసింది అమ్మరాదు."

"అమ్మొద్దు. తీయండి, చూస్తాను."

తలుపులన్నీ తెరిచారు. భీమేష్‌ను ఇంకో ఖాళీ టబ్బు మీదికి వంగోబెట్టి, కళ్లకు గుడ్డ కట్టి, సిద్దిరాములు కుంకుమ బొట్టు పెట్టి దాచిన స్పిరిట్‌లోంచి మూడు లీటర్లు కొలిచి, కొద్దికొద్దిగా తల మీద పోశారు. భీమేష్ మంట మంటంటూనే ఓర్చుకున్నాడు. టబ్బులోకి దిగిన నల్లటి నీళ్లలో ఆకుసారంతో పాటు కొబ్బరినూనె, కొన్ని వెంట్రుకలు, ఎల్లారెడ్డి రోడ్డు దుమ్ము కూడా ఉన్నాయి. రెండుసార్లు వడకట్టి ఫ్లాస్కులో పోసి, మిషన్‌కు బిగించి, కింద వేరే ఖాళీ ఫ్లాస్కు తగిలించి, అనిల స్విచ్చులు వేసింది. ఫ్లాస్కు తిరిగింది. పంపు మాత్రం ఊఁ అని మూలిగి ఊరుకుంది.

పంపు లేకపోతే గాలి పోదు, గాలి పోకపోతే స్పిరిట్ ఆ కాస్త వేడికి మరగదు. తిరిగే ఫ్లాస్కు అందంగా తిరుగుతూ ఉంటుంది, అంతే. అనిల స్విచ్చు తీసి వేసింది. మళ్లీ మూలుగు. సిద్దిరాములు పక్కనున్న అగరుబత్తిని సరిచేసి గుచ్చాడు.

"జర జరుగున్రి" అన్నాడు భీమేష్, పొద్దున్నుంచీ మొదటిసారి తనంతట తాను మాట్లాడుతూ. తల తుడుచుకుంటూ వచ్చి మోటారు మీద చెవి పెట్టి విన్నాడు. "వైండింగ్ మంచిగనే ఉంది. కెపాసిటర్ వీకైంది, దానంతటది లేవలేకపోతున్నది. నేను చక్రం తిప్పుత, ఎయ్యి అనంగనే స్విచ్చెయ్యున్రి." కట్టెపుల్లతో చక్రాన్ని ఒక్క విసురు విసిరాడు. మోటారు అందుకుంది. "రేపు కొత్తది తెచ్చి ఏస్త. ఇయ్యాల పని అయ్యేదాక బంద్ చెయ్యకున్రి."

మేనమామ మీసం దువ్వుకున్నాడు. ఆయనకు ఊళ్లో మూడు బోర్లు ఉన్నాయి. మూడింటి మోటార్లూ ఏడాదికి రెండుసార్లు కాలతాయి.

గాజు చుట్ట మీద చెమట పట్టింది. మొదటి బొట్టు కింది ఫ్లాస్కులోకి దిగింది, వెనకే రెండోది, ఆ పైన వరస. అనిల తిరిగే ఫ్లాస్కునే చూస్తోంది, గోడలకు నల్లటి జిగట తిరిగి పేరుకుంటోంది. పురుషోత్తం గారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కింది ఫ్లాస్కు ముందు కూర్చున్నారు. చుక్కలు ఆగాక గ్లాసు జాడీలో కొలిచారు. రెండున్నర లీటర్ల మీద ఒక గీత.

"మిగతాది?"

"కొంత గాలికి పోయింది సార్. కొంత ఇంకా భీమేష్ తలల ఉండొచ్చు" అంది అనిల.

ఆయన ఆ స్పిరిట్‌ను వెలుతురుకు ఎత్తి చూశారు, వాసన చూశారు. "అంత బురదలోంచి ఇంత తేటగానా!" అన్నారు. కుంకుమ బొట్టున్న ఫ్లాస్కు వైపు వేలు చూపించి, "దాన్ని గుడ్డ కట్టి దాచిందెవరు?" అని అడిగారు.

"నేనే సార్" అన్నాడు సిద్దిరాములు భయపడుతూ. "కింద కారింది బొట్టు గూడ పోనియ్య."

"మరి పైది?"

"అది గసి సార్. పారేస్త."

అనిల కళ్లు మూసుకుంది. పురుషోత్తం గారు తల ఊపారు. "కరెక్ట్. దేవేందర్ గారూ, మా నూనెలో ఆకుసారం ఎంత వేస్తామో తెలుసా? డ్రమ్ముకు నాలుగు చుక్కలు. ఆకు బొమ్మ సీసా మీద ఉంటుంది కదా, చాలు. మా బాధంతా స్పిరిట్‌తోనే. వాడేసింది నలభై డ్రమ్ములు గోడౌన్‌లో మగ్గుతోంది. కొత్తదానికి పర్మిట్ కోసం ఆరు నెలల నుంచి తిరుగుతున్నాం. శాంపిల్ చూసే వంకతో, ఈ చుట్టుపక్కల తిరిగి శుభ్రం చేసిచ్చేవాళ్లు ఉన్నారేమోనని వచ్చాను. వారానికి రెండు డ్రమ్ములు పంపుతాను. ఏడాదికి రాసుకుందాం."

దేవేందర్ ఫోన్‌ను జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఈ సారం సార్?" అంది అనిల, ఎనభై కిలోమీటర్లు తిరిగి తెచ్చిన నల్లటి జిగటను చూపిస్తూ.

"అది మీ ఇష్టం" అన్నారు పురుషోత్తం గారు, చెయ్యి కడుక్కుంటూ.

మేనమామ ఫోన్ తీసి ఎల్లారెడ్డికి మాట్లాడాడు. "పిల్లగాడు మంచోడే. చేతిల పని ఉన్నది. తల సంగతి తర్వాత చూస్కుందం" అన్నాడు. రాజమణి కొంగుతో కళ్లు ఒత్తుకుని, తమ్ముడి తల మీద ఇంకో తువ్వాలు కప్పింది. సిద్దిరాములు తిరిగే ఫ్లాస్కును విప్పి నల్లా కిందికి తీసుకుపోయాడు. ఈసారి అనిల ఆపలేదు. ఉద్యోగం నిలిచింది, రాత్రి షిఫ్టులు తప్పాయి. అది నిజమైన సంతోషమే. కానీ నెల రోజుల పని మోరీలోకి ఆకుపచ్చగా జారుతుంటే, ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఐదు గంటలకు చాయ్ వచ్చింది, చల్లారాక తాగింది.

పది రోజులకు కంపెనీ నుంచి ఆర్డరు కాగితం వచ్చింది. దానికి పురుషోత్తం గారి తనిఖీ నివేదిక నకలు జతచేసి ఉంది. షెడ్డు, మిషన్, ఐసు టబ్బు అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయని రాశారు. సిబ్బంది అన్న చోట రెండు వాక్యాలున్నాయి. దేవేందర్ వాటిని గట్టిగా చదివి వినిపించాడు.

"ఇక్కడ ఇరవై ఏళ్ల అనుభవమున్న నిపుణుడు సిద్దిరాములు గారు ఉన్నారు. ఆయన దగ్గర ఒక అమ్మాయి పని నేర్చుకుంటోంది."